గంప దించుకునే చోటు

మా ఇల్లు కట్టిన మేస్త్రి గారు పోయారని బళ్లో ఉండగా కబురొచ్చింది. నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. బడి వదిలాక వెళదాంలే అనుకున్నాను. సైకిలు తొక్కుకుంటూ నేను చేరేసరికి పాడె లేచిపోయింది. ఆయన విషయంలో నేను అన్నిటికీ ఆలస్యమే.

విడవలూరు చుట్టుపక్కల ఆయన చేతి ఇళ్లు చాలా ఉన్నాయి. కాగితం మీద గీత గీయడం మాత్రం ఆయనకు రాదు. ఇల్లు కట్టమని ఎవరడిగినా ముందు వాళ్ల పాత ఇంటికొచ్చి మూడు రోజులు ఊరికే కూర్చునేవారు. ఎవరు ఎక్కడ కూర్చుని తింటారు, ముసలివాళ్లు లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటారు, నీళ్ల బిందె ఏ పక్కన దించుతారు, అన్నీ చూసేవారు. నాలుగో రోజు పొద్దున ముగ్గుపిండితో నేల మీద గీతలు పోసేవారు.

మా పూరింట్లో అలా కూర్చున్నప్పుడు నాకు ఒళ్లు మండింది. గాలివానకు ఒక పక్క ఒరిగిన ఇల్లు, అందులో చూడటానికేముంది? సముద్రం మీద చేపల వేటకు పోయే మా వాళ్ల ఇళ్లలో చదువుకుని అయ్యవారైనవాణ్ణి నేనొక్కణ్ణే. నెల్లూరులో ఒక ఓవర్సీరు చేత ప్లాను గీయించి తెచ్చాను. ఆ నీలం కాగితాన్ని రోజుకు రెండుసార్లు విప్పి చూసుకుని మురిసిపోయేవాణ్ణి. మేస్త్రి గారిని అప్పట్లో నువ్వనే అనేవాణ్ణి. ఈ ‘గారు’ ఇప్పుడొచ్చి చేరింది.

ఆయన మూడు రోజులూ మా అమ్మనే చూశారు. అమ్మ చేపల గంప మోసి నన్ను చదివించింది. ఉద్యోగం రాగానే ఆ గంప మాన్పించాను. మానింది గాని, పొద్దున్నే వాకిలి పక్కన తుమ్మ గుంజకు వీపానించి కూర్చునేది. సముద్రం వైపు నుంచి గంపలతో వచ్చే ఆడవాళ్లు మా వాకిట్లో ఆగేవాళ్లు. నిండు గంప తల మీంచి దించాలంటే ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. అమ్మ లేచి ఆ చెయ్యి వేసేది. చెంబెడు నీళ్లు, నాలుగు మాటలు, మళ్లీ గంప ఎత్తి పంపేది. ఆమె వీపు రాసుకుని రాసుకుని ఆ గుంజ ఒకచోట నల్లగా, నున్నగా అయిపోయింది.

నాలుగో రోజు మేస్త్రి గారు ముగ్గుపిండి పట్టుకుని నా దగ్గరికొచ్చారు. “కాయితం బాగుండాది అయ్యవారా. రోడ్డు పక్క గోడకు మటుకు ఒక కిటికీ పెడదాం. పునాది ఎత్తుగా లేపతా ఉండాం గదా, లోపల అమ్మ కింద కూచుంటే చేతికందతాది, బయట నిలబడిన ఆడమనిషి గంప తనే దాని మీదికి దించుకుంటాది. అమ్మకి మోకాళ్లు పోతా ఉండాయి. రేపు లేచి బయటికొచ్చి గంప పట్టలేదు” అన్నారు.

“ప్లానులో అక్కడ కిటికీ లేదు” అన్నాను.

“ప్లాను గీసినాయన అమ్మను చూళ్లేదు గదయ్యా.”

అసలు సంగతి ప్లాను కాదు. నా కొత్తింటి కిటికీ దగ్గర చేపల గంపలు ఆగడం నాకిష్టం లేదు. హెడ్మాస్టరు వచ్చి కూర్చుంటే ఆ వాసన తగులుతుందని సిగ్గు. ఆ మాట పైకి అనలేక, “చెప్పింది కట్టు, నీ సలహాలు నాకొద్దు” అన్నాను. మా నాయన ఈడు మనిషిని అలా అన్నాను.

ఆయన చేతులు దులుపుకుని, “అట్నే కానీయండి. ఆ పాత గుంజ నాకిస్తారా?” అన్నారు. పొయ్యిలోకేమో అనుకుని తీసుకెళ్లమన్నాను.

కొత్తింట్లో రోడ్డు వైపు గది అమ్మకిచ్చి, పేము కుర్చీ కొన్నాను. ఆమె ఏనాడూ దాంట్లో కూర్చోలేదు. కిటికీ లేని ఆ గోడకే వీపానించి కింద కూర్చునేది. మొదట్లో గంపల వాళ్ల మాటలు వినపడితే లేచి ఇల్లంతా చుట్టి రోడ్డు మీదికి వెళ్లేది. మోకాళ్లు పట్టేశాక మానేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం గోడకు చెవి పెట్టి, “ఎవురో పోతా ఉండారు. ఎవురో ఏమో” అంది. నేను పేపరు చదువుకుంటూ విననట్టే ఉన్నాను. పోయిన ఏడు వానల్లో అమ్మ ఆ గదిలోనే కన్నుమూసింది.

ఏటా సున్నాలు కొట్టే రోజుల్లో మేస్త్రి గారు పిలవకపోయినా వచ్చేవారు. ఆ గోడ దగ్గర నిలబడి అరచేత్తో తట్టి, “ఏమన్నా మార్పులు కావాల్నా అయ్యవారా?” అనేవారు. పని కోసం అడుగుతున్నారనుకుని ఏమీ వద్దనేవాణ్ణి. అమ్మ దగ్గర కాసేపు కూర్చుని, మజ్జిగ తాగి వెళ్లిపోయేవారు.

పెద్దకర్మ నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నన్ను చూడగానే, “కిటికీ తెరిపించినారా?” అని అడిగింది.

“ఏ కిటికీ?”

“మీ అమ్మ కిటికీ. ఆయన గోడలోనే పెట్టినాడు గదా. ఆ నడిమి ఇటికలు సున్నంతో కట్టలేదు, బంకమట్టితో కట్టినాడు. అయ్యవారు అడిగిన దినం అరపూటలో తీసిచ్చేస్తా అనేవాడు. మీ ఇంటికి పోయొచ్చినప్పుడల్లా, ఈ ఏడు గూడా అడగలేదే అని బాధపడతా ఉండేవాడు.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదమ్మా!”

“సలహాలు వద్దన్నారంట గదా” అంది.

తల వంచుకుని వచ్చేశాను. ఆ ఆదివారం వాళ్ల పెద్దబ్బాయి వచ్చి గోడ పూత రాల్చాడు. ఇటుకలు చేత్తో లాగితే వచ్చేశాయి. పైన దూలం, కింద అడ్డంగా వెడల్పాటి చెక్క. దుమ్ము తుడిచి చూద్దును గదా, మా తుమ్మ గుంజ! నిలువునా కోయించి పరిచారు. ఆ నల్లటి నున్నటి చోటు లోపలి వైపుకు, కూర్చున్న మనిషి చెయ్యి ఆనేచోటికి వచ్చేటట్టు పెట్టారు. కింద కూర్చుని దాని మీద చెయ్యి వేసి ఏడ్చాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది ఆనాడు.

నిన్న పొద్దున గంపతో పోతున్న ఒకామె కిటికీ చూసి ఆగింది. ఎవర్నీ పిలవకుండా గంప తనే దించి ఆ చెక్క మీద పెట్టి, లోపలికి తొంగి చూసింది.

“ఎవురూ లేరా?”

చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను. తాగి, గంప తనే ఎత్తుకుని వెళ్లిపోయింది. చెక్క మీద గంప అడుగు తడి గుండ్రంగా మిగిలింది. అది ఆరిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.