వీపు తిప్పి చూసిన చెరువు

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. స్క్రీన్‌షాట్ పెట్టకపోతే మా డెవలపర్లు ఏ తప్పునీ ఒప్పుకుని చావరు. ఆ అలవాటుతోనే, వీసా ఎక్స్‌టెన్షన్ రాక టెక్సస్‌లోని ప్లేనో ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ఇంటి వెనకున్న చెరువుకి కూడా వందల ఫోటోలు తీసిపెట్టాను. చెరువంటే పెద్ద చెరువేం కాదు, వాన నీళ్ళ కోసం బిల్డర్ తవ్వించిన గుంట. మా ఏడేళ్ళ పిల్లకి మాత్రం అదే లోకం.

"అమ్మా, నేను దీన్ని ఫర్గెట్ చేస్తే ఎలా?" అని ఏడుపు లంకించుకుంది.

"ఫోటోలున్నాయిగా" అన్నా ఊరుకోలేదు. సరే కదా అని రంగులు కొని, ఒక ఫోటో చూస్తూ బొమ్మ వేశాను. ఫెన్స్ చెక్కలతో సహా అన్నీ దిగాయి. పిల్ల ఓసారి చూసి, "నీట్‌గా ఉంది" అని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ వారాంతం ఇద్దరం డాలస్‌లో ఒక మ్యూజియంకి వెళ్ళాం. అక్కడ పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన కొలను ఒకటి ఉంది. పొగమంచు, ఒంగిన చెట్టు, అంతే. ఎప్పుడో తిరిగిన చోటుని ఏళ్ళ తరవాత స్టూడియోలో కూర్చుని, గుర్తున్నంత మేరకే వేశాడట. గుర్తులేనిదంతా మంచుకి వదిలేశాడు. ఎంత ధైర్యం! అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. ఆ కాలంలో పారిస్‌లో ఒక డ్రాయింగ్ మాస్టారు శిష్యులకి ఇదే నేర్పేవాడని పక్కన రాసుంది. ముందు తనివితీరా చూడాలి, తరవాత దాన్ని చూడకుండా గీయాలి.

మర్నాటి నుంచి మాకదే ఆట. సాయంత్రం చెరువు ముందు కాసేపు నిలబడటం, వీపు తిప్పి ఏం చూశామో చెప్పుకోవడం. నేను చెట్ల దగ్గరే ఆగిపోయేదాన్ని. తనేమో, "డక్ వెళ్ళిన చోట వాటర్ బ్లాక్‌గా అయింది, మళ్ళీ క్లోజ్ అయింది" అనేది. నిజమే. ఇన్నేళ్ళలో నేనది చూడనే లేదు. నా కడుపున ఇలాంటి కళ్ళు పుట్టాయా అని మురిసిపోయాను.

వెళ్ళే రోజు సామాన్లు కార్‌లో సర్దాక, అలవాటు కొద్దీ ఫోన్ తీసి చెరువు వైపు ఎత్తాను. పిల్ల చెరువుకి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

"ఒక్కసారి అటు తిరిగి చూసుకోవే, ఇంక వెళ్ళిపోతాం" అన్నాను.

"ఉండమ్మా, చూస్తున్నా" అంది.