నాయన బండికి మంచినీళ్లు

పోయిన ఎండాకాలం దాకా మా నాయన నేను నడిపే కారెక్కేవాడు కాదు. అమ్మా ఆయనా మా ఇంట్లోనే ఉంటారు, నా కారు వాకిట్లోనే ఉంటుంది. అయినా కల్లూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోవాలంటే షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని పోయేవాడు. నేను తాళాలు పట్టుకుని నిలబడితే, "నువ్వొద్దులేమ్మే, నాకు ప్రాణమ్మీద ఆశ ఉండాది" అంటూ చెప్పులేసుకునేవాడు. వినీ వినీ నాకు ఒళ్లు మండిపోయేది.

కారణం ఆయన పాత అంబాసిడర్. దాన్ని బాడుగకు తిప్పి మమ్మల్ని సాకాడు. నాకు లైసెన్సు వచ్చిన కొత్తలో అందరం దాంట్లోనే శ్రీశైలం బయలుదేరాం. ఆత్మకూరు దాటాక ఒళ్లు వెచ్చబడిందని నాయన మొదటిసారి నాకు స్టీరింగ్ ఇచ్చాడు. నల్లమల ఘాట్ ఎక్కుతుండగా బానెట్ కింద నుంచి గుప్పున ఆవిరి లేచింది. పక్కకు తీసేలోపే ఇంజను జామైపోయింది.

"రెండో గేరులో ఎక్కాల్సిన బండిని మూడో గేరులో గుంజి సంపితివి" అన్నాడు నాయన. నేను రెండో గేరులోనే ఉన్నాను. చెబితే వినేదెవరు? బండిని లారీకి కట్టి తెచ్చాం. మెకానిక్కును కూడా దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు, మొండిఘటం. పట్ట కప్పి షెడ్డులో పెట్టేసి, చిల్లరంగడి తెరుచుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా "మా పాప సంపిన బండి" అని చూపించేవాడు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో, ఇక తాడో పేడో తేల్చుకుందామని ఎవరినీ అడక్కుండా ఆ పట్ట లాగేశాను. నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్తాను. ఊళ్లో పిల్లలందరికీ ఇంజన్లు విప్పి చూపిస్తూ, ఇంట్లో దాన్ని మాత్రం ముట్టుకోకూడదట! మా ఆయన "నీకు కోపం, నాకు నడుంనొప్పి" అని గొణుగుతూనే చైన్ పుల్లీ లాగి ఇంజన్ను చెక్కదిమ్మల మీదికి దించాడు. నట్లు తుప్పుపట్టి ఒక పట్టాన కదల్లేదు. డీజిల్‌లో నానబెట్టి ఒక్కొక్కటే విప్పి, పాత వంటగట్టు తాలూకు కడప బండ మీద వరుసగా పేర్చాను.

"ఏమ్మే, ఇడ్లీలు పెడతాండావా?" అని నాయన అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి.

పైన మూతలా ఉండే హెడ్ ఎత్తాక తెలిసింది. ఇంజను లోపల నీళ్లు తిరిగే దారులన్నీ తెల్లటి ఉప్పు గట్టిపడి పూడిపోయి ఉన్నాయి. నీళ్లు కాచే బాన అడుగున పేరుకుంటుందే, అదే. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా రాలింది. నీళ్లు తిరగకపోతే ఇంజను ఏ గేరులోనైనా మాడిపోతుంది. ఇది నేను నడిపిన ఆ కాసేపట్లో పేరుకున్నది కాదు, ఏళ్ల తరబడి పేరుకున్నది.

"నాయనా! ఈడికి రా! బండిని ఎవరు సంపినారో సూడు!" అని వీధంతా వినబడేలా అరిచాను. అమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

నాయన వంగి చూశాడు. గోటితో గీకి నాలుకకు తాకించుకున్నాడు. "బోరు నీళ్లు" అన్నాడు మెల్లగా.

"ఇన్నేండ్లూ దీంట్లో ఆ ఉప్పునీళ్లే పోస్తాంటివా?"

"మల్ల? అప్పుడు మంచినీళ్లు యాడుండాయి? మీయమ్మ శానా దూరం నుంచి నెత్తిన మోసి తెస్తాండె. ఆ నీళ్లు తీసి ఇనుముకు పోసేదానికి నాకు మనసు రాలా."

చేతిలోని స్క్రూడ్రైవరు బండ మీద పెట్టేశాను. ఆ బిందెలో నీళ్లు గ్లాసు నిండా ముంచుకుని సగం పారబోస్తే, చిన్నప్పుడు నన్ను కొట్టినంత పని చేసేవాడు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఒక్క మాట చెప్పింటే ఇంగొక బిందె తెచ్చేదాన్ని గదా! తప్పు నీ కాడ పెట్టుకోని బిడ్డను ఆడిపోసుకుంటివే!"

నాయన ఇంట్లోకి పోయాడు. నాకు జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

ఆ ఉప్పంతా యాసిడ్‌తో కడిగించి, సిలిండర్లు లేత్ షాపులో సాపు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి బిగించేసరికి సెలవులు అయిపోయాయి. స్టార్ట్ చేసే రోజు రేడియేటర్‌కని ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్ తెచ్చిపెట్టుకున్నాను. అమ్మ వింటేనా! తాగే నీళ్లు బిందెతో తెచ్చి, తొలి చెంబు తనే పోసింది. నాయన చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అవతలి తలుపు తీసుకుని నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాళ్లకు చెప్పులు కూడా లేవు. నిమ్మకాయలు తొక్కించి పెద్ద రోడ్డెక్కాం. ఎందుకైనా మంచిదని రెండో గేరులోనే నడుపుతున్నాను. కొంత దూరం పోయాక, నాయన ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"మూడో గేరెయ్యమ్మే. ఏం కాదులే."

కళ్లనిండా నీళ్లొచ్చి రోడ్డు సరిగా కనబడలేదు. తుడుచుకుని, మూడో గేరు వేశాను.