బావి దగ్గర కరుణాకర్ రావు

భూగర్భజలాల శాఖలో పనిచేసే కరుణాకర్ రావు కుదురుగా నిలబడలేడు. బావిలోకి టేపు వదిలి నీళ్లెంత లోతున ఉన్నాయో చూస్తూనే మాటిమాటికీ వెనక్కి తిరుగుతాడు, చొక్కా గుండీలు తడుముకుంటాడు. ఆ ఎండాకాలం ముస్తాబాద్ దగ్గరి సొంతూరికే కొలవడానికి వెళ్లాల్సి వచ్చింది. అన్నలకు, అంటే నక్సలైట్లకు, భయపడి ఆ ఊరి దొర అయిన అతని నాయన వదిలేసి పోయిన పొలాన్ని ఇప్పుడు వాళ్లింటి ఒకప్పటి జీతగాడి భార్య మల్లవ్వ దున్నుకుంటోంది.

“బావి కొలుస్తున్నవా చిన్నదొరా, భూమి కొలుస్తున్నవా?” అంటూ ఆమె గట్టుమీద అడ్డంగా నిలబడింది.

“నీళ్లే, మల్లవ్వా,” అని అతను టేపుకంటిన తడి చూపించాడు. “నిరుటికన్న బాగ దిగినయ్. ఆఫీసుకు గదే రాస్త. ఈసారి వరి ఎయ్యకు.”

ఆమె ఆ తడిని వేలితో తాకి చాలాసేపు చూసింది.

“వానలు పడ్డంక మల్ల రా. ఎంత ఎక్కినయో జూద్దం.”

దొర ఇంటివాళ్లలో ఒకరిని ఆ ఊరు రమ్మనడం ఇన్నేళ్లలో అదే మొదలు. అతను చుట్టిన టేపును విప్పి మళ్లీ చుట్టాడు.