రూతమ్మ టీచర్ నేర్పిన నిరీక్షణ

ఈస్టరు దగ్గరపడి నాచారం సమాధుల తోటలో సున్నాలు వేస్తుంటే, ఆ తడి వాసనకు నాకు రూతమ్మ టీచర్ గుర్తొస్తారు. మా వీధిలోనే ఉండేవారు. రిటైరయ్యాక మా సంఘంలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పేవారు.

నా మొదటి బిడ్డ పుట్టిన మర్నాడే పోయాడు. బాప్తిస్మం కాలేదు, పేరైనా పెట్టలేదు. పాలు చేపి రొమ్ములు సలుపుతుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. పరామర్శకు వచ్చిన సంఘ పెద్ద మా ఆయనతో, "బాప్తిస్మం గాని ఆత్మ, యాడికి పోతదో చెప్పలేం. పాటలు గీటలు లేకుండ జల్ది మట్టి జేయుండ్రి" అన్నాడు. మా ఆయన తల వంచుకున్నాడు. టీచర్ మాత్రం లేచి నిలబడ్డారు.

"ఏందన్నా గట్లంటవు? నెత్తిమీద నీళ్లు వడలేదని దేవుడు పసిగుడ్డును బయట నిలవెడ్తడా? మనకే గింత జాలుంటే, ఆయనకెంత ఉండాలె!" అని, నా పక్కన కూర్చున్నారు. "బిడ్డా, వాన్ని ఏమని పిలుద్దామనుకున్నవు?"

"దానియేలు" అన్నాను. ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం చిన్న పెట్టెను ఒడిలో పెట్టుకుని ఆటోలో ఆవిడే కూర్చున్నారు. దానియేలును పేరు పెట్టి ప్రభువుకు అప్పగించి, గుంట దగ్గర గొంతెత్తి పాడారు. నాకు నోరు పెగల్లేదు.

కొన్నేళ్లకు కేన్సర్ ఆవిడను ఉప్పల్‌లోని ఒక ఆస్పత్రి మంచం మీదకు చేర్చింది. కిటికీ అవతల మెట్రో పోతున్న ఒక మధ్యాహ్నం, "బుగులైతలేదా టీచర్?" అని అడిగాను.

"నొప్పికి బుగులే, సావుకు గాదు." ఎండిన పెదవులతోనే నవ్వారు. "కండ్లు మూసుడు ఈడ, తెరుసుడు ఆయన దగ్గర. పోంగనే మొదలు మీ దానియేలును ఎత్తుకుంట. వానికేమన్న చెప్పాల్నా?"

"అమ్మ మరిచిపోలేదని చెప్పుండ్రి" అన్నాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం, నవ్వాం.

ఆవిడ పెట్టె మూసే వేళ అందరూ భోరుమన్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నా గొంతులోంచి పాట లేచింది. ఒక్కొక్కరే అందుకున్నారు. పాటలు వద్దన్న ఆ పెద్దాయన కూడా కళ్లు తుడుచుకుంటూ గొంతు కలిపాడు. బ్యాండు ముందు నడవగా, పెళ్లివారిలా పాడుకుంటూ టీచర్‌ను సాగనంపాం.

మునుపు పిల్లలెందరని ఎవరైనా అడిగితే మాట తప్పించేదాన్ని. ఇప్పుడు తడుముకోను. ఇద్దరంటాను. పాప బడికెళ్లింది, బాబు ప్రభువు దగ్గరున్నాడు, ఇద్దరూ క్షేమమే అంటాను.