మురుగు గుంటకు గంగపూజ

ఆ రోజుల్లో నీళ్లంటే మాకు ఎంత మోహమో చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఓ చిన్న ఊళ్లో నాకు ఉద్యోగం దొరికింది. ఊరి మురుగు తాగునీటి చెరువులో కలవకుండా చెరువు పక్కన మూడు గుంటలు తవ్వారు. మురుగు ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి పోతూ తేరుకుని, చివరికి ఇనుప కమ్మీలున్న తూము గుండా పశువుల గడ్డిమళ్లకు పారేది. చివరి గుంటకూ చెరువుకూ మధ్య మట్టికట్ట ఒక్కటే అడ్డం. దానికి కాపలా నేను. (ఆర్డరు కాగితంలో 'మురుగు' అన్న మాట మీద సిరా చుక్క పడింది. పొరపాటున కాదు.)

తుగ్గలిలో మా మేనత్త ఉండేది. ఆమె కూతుర్ని నాకిస్తారని చిన్ననాటి నుంచీ మాట. "నీళ్ల ఇన్‌స్పెక్టర్నయ్యాను, ఊరి నీళ్లన్నీ నా చేతి మీదే" అని వాళ్లకు ఉత్తరం రాశాను.

పెద్ద వాన కురిసిన మర్నాడు పొద్దున్నే అత్తా, మరదలూ బస్సు దిగి నేరుగా గుంట దగ్గరికే వచ్చేశారు. అత్త చేతిలో కొత్త చేట, అందులో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ, టెంకాయ. కొత్త నీళ్లు కనిపిస్తే గంగమ్మకు పూజ చెయ్యకుండా మావైపు ఆడవాళ్లు కదలరు. ఆ పూట చివరి గుంట నిండుగా, తేటగా మెరుస్తోంది మరి.

"ఎంత సల్లని తల్లిరా అప్పా! ఏందో వాసనొస్తాందే?" అంది అత్త.

"మందు ఏసినాము అత్తా" అన్నాను. ఆ కట్ట వేసిన ముసలి మేస్త్రీ భాయ్, వానకు అదెలా ఉందో చూడ్డానికి వచ్చినవాడు, గట్టిగా దగ్గి మొహం తిప్పుకున్నాడు.

అత్త చేటను నీళ్లలో వదిలింది. అది మెల్లగా తిరుగుతూ పోయి తూము కమ్మీలకు నిలువునా అతుక్కుంది, దానిమీద తడిసిన రవికె గుడ్డ. పారే నీళ్లు ఆగిపోయాయి. పై గుంటల నుంచి వచ్చేవి మాత్రం ఆగలేదు. చూస్తుండగానే నీళ్లు కట్ట అంచుకు ఎక్కుతున్నాయి. అవతల చెరువులో ఆడవాళ్లు బిందెలు ముంచుతున్నారు.

"అప్పా, కట్ట కారుతాంది! తూము ఇడిపించు, లేకుంటే సెరువు పాయె!" అని మేస్త్రీ భాయ్ కేక వేశాడు.

గుంటలోకి దిగితే ఒళ్లంతా కంపు కొట్టి నా గుట్టు బయటపడుతుంది. వీళ్లు వెళ్లేదాకా కట్ట ఓపిక పట్టకపోతుందా అనుకున్నాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అంతలో అత్త వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని, కళ్లు మూసుకుంది. తీర్థం!

"అత్తా, తాగొద్దు! అది ఊరి మురుగు!"

ఆమె దోసిలి విడిపోయింది. నేను అప్పటికే రొమ్ములోతు గుంటలో ఉన్నాను. లాగితే చేట రాదు, నీళ్లు దాన్ని నొక్కేస్తున్నాయి. వెదురు అంచు వేళ్లు కోసేసింది. మేస్త్రీ భాయ్ పారతో మట్టి వేస్తున్నాడు. మా మరదలు ఓణీ నడుముకు చుట్టి, గంపతో ఆయనకు మట్టి అందిస్తోంది. మూడోసారి గుంజితే చేట రెండు ముక్కలై ఊడివచ్చింది. నీళ్లు గడ్డిమళ్ల దారి పట్టాయి. కట్ట నిలిచింది.

ఒడ్డెక్కి నిలబడ్డాను. అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"ఊరి నీళ్లన్నీ నీ చేతి మీదనే అంటివి గదరా?"

"ఇవీ ఊరి నీళ్లే గదత్తా" అన్నాను.

మరదలు చెరువు నుంచి బిందెడు నీళ్లు తెచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చేతనైనంత దూరంలో నిలబడి, "నీళ్ల ఇనస్పెట్రూ, తల వంచు" అంటూ పోసింది.

మరుసటి ఎండాకాలం మా పెళ్లయింది. ఉద్యోగం మాని ఎన్నో ఏళ్లయింది. సిరా చుక్క కాగితం ఇంకా పెట్టెలోనే ఉంది, చూసినప్పుడల్లా ఆ కుర్రాడి మీద జాలే కలుగుతుంది. ఇప్పటికీ సాయంత్రం చెరువు దాకా నడిచి వస్తే వాకిట్లో చెంబు సిద్ధంగా ఉంటుంది. "నీళ్ల ఇనస్పెట్రూ, కాళ్లు కడుక్కొని రా" అని లోపలి నుంచి వినిపిస్తుంది. నేను బుద్ధిగా కడుక్కుంటాను.