కాటాకు చుట్టరికం లేదన్న సిస్టరమ్మ

మొన్న బుధవారం పొద్దున మా సిస్టరమ్మ పోయింది. పాలవాడు చెప్పాడు. గుండె ఆగిందట. నాచారంలో మా వెనక గల్లీలోనే ఉండేది. ఇక్కడి ఒక నర్సింగ్ హోంలో కాన్పుల గది నర్సు. డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి నర్సుకు అన్నీ ఒప్పజెప్పి గానీ కదలని మనిషి, ఈసారి ఎవరికీ ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయింది.

ఆమె నోరు నా నోటికి సరిజోడు. అందుకే మాకు పడేది. కాన్పులో తడిసిన ప్రతి గుడ్డనూ తూచి, పొడి గుడ్డ బరువు తీసేసి, ఎంత రక్తం పోయిందో రాసేది. "కండ్లు తక్కువ జేసి సూస్తయి పెద్దమ్మా. కాటాకు సుట్టరికం లేదు" అనేది. కూరగాయల బండివాడు ఆమె వస్తుంటే తన కాటా సర్దుకునేవాడు. నేను దాన్ని చాదస్తమనుకున్నాను, ఎమ్మే చదివినదాన్ని కదా.

నిరుడు మా మనవరాలికి మూడో కాన్పు. మొదటి రెండూ ఆపరేషన్లే. రెంటికీ ముహూర్తం పెట్టింది నేనే. ఈసారి మాయ పాత కోత మీద అతుక్కుపోయిందని స్కానింగులో తేలింది. పెద్ద దవాఖానాలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఆనాటి నక్షత్రం నాకు నచ్చలేదు. నేనే ఫోన్ చేసి, పిల్ల ఊళ్ళో లేదని చెప్పి, తొమ్మిది రోజులు జరిపించాను. ఇంట్లో మాత్రం దవాఖానా వాళ్ళే మార్చారన్నాను.

వాళ్ళు మొదట ఇచ్చిన తేదీ దాటిన ఆరో రోజు పొద్దున, నొప్పైనా లేకుండా, పిల్లకు రక్తం మొదలైంది. దగ్గర కదా అని ముందు సిస్టరమ్మ నర్సింగ్ హోంకే తీసుకుపోయాం. "కొంచెమే పోయిందే" అన్నాను. ఆమె గుడ్డలు తూచింది.

"కిలో దాటింది. కొంచెమంట, కొంచెం."

ఎవరినీ లోపల చెయ్యి పెట్టి చూడనివ్వలేదు, పెడితే రక్తం ఇంకా పోతుందట. పెద్ద దవాఖానాకు ఫోన్‌లో ఆ లెక్క చెప్పి, రక్తం సిద్ధం చేయించి, తనే అంబులెన్స్ ఎక్కింది. ఉప్పల్ చౌరస్తాలో దారివ్వని పెళ్ళికారును ఆమె తిట్టిన తిట్లు నేను రాయను.

అక్కడ మాయను పీకే ప్రయత్నం చేయలేదు. పీకితే మనిషి దక్కదట. గర్భసంచితో సహా తీసేశారు. పిల్ల బతికింది. బిడ్డ బతకలేదు.

'బంధువుల కోరికపై వాయిదా' అని కేసు కాగితంలో ఉంది. సిస్టరమ్మ చదివి నావైపు చూసింది.

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా అదే మాట. "చెప్పినవా?"

"లేదే."

"నోరైతే మస్తున్నది నీకు."

ఏడాది గడిచింది. మొన్న ఆమెను కడసారి చూడడానికి బయల్దేరే ముందు మనవరాలిని కూర్చోబెట్టి చెప్పాను. అది లేచింది. చెప్పులు తొడుక్కుని నాకన్నా ముందు నడిచింది.

సిస్టరమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. మనవరాలు పక్కన కూర్చుని ఆ చేతిని తీసుకుంది, తన పొట్ట మీద, కోతలున్న చోట పెట్టుకుంది. ఎత్తడానికి మగవాళ్ళు వచ్చి నిలబడ్డా వదల్లేదు.

"వదులు బిడ్డా" అన్నాను.

నావైపు తిరగలేదు. రెండో చెయ్యి కూడా దానిమీద వేసి పట్టుకుంది.