మూడో పిలక

మా పెరట్లో అరటి పొద చచ్చిపోతోందని నాకంటే ముందే అమ్మకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. కింది ఆకులు పసుపుబారి బోదె చుట్టూ వేలాడుతుంటే, పొద్దున్నే వాటిని కోసి దిబ్బలో పడేసి వచ్చేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి కూలిన బోదెను అడ్డంగా నరికి చూస్తోంది. తెల్లగా ఉండాల్సిన లోపలి భాగంలో ఎర్రమట్టి రంగు చారలు.

"దీనికి మందు లేదంటమ్మే. తెగులు మట్టిలోనే ఉంటదంట," అంది.

అవి అమృతపాణి చెట్లు. అమ్మ పెళ్ళై విడవలూరు దగ్గరి ఈ ఊరికి వచ్చిన ఏడాది, బుచ్చిరెడ్డిపాలెం పక్కనున్న పుట్టింటి తోట నుంచి ఒక పిలక తెచ్చి నాటింది. ఆ తోట ఇప్పుడు ఇళ్ళ స్థలాలైపోయింది. ఇంకెక్కడా ఆ మొక్క లేదు. అమృతపాణి పండ్లు బజార్లో దొరుకుతాయి. అమ్మ ఒకసారి కొని, ఒకటి తిని, మిగతావి బర్రెకు పెట్టింది.

నాన్న ఓదార్చబోయాడు. "నర్సరీలో మొక్కలే లేవా? రేపు బండి మీద నాలుగు తెచ్చేస్తా."

"తెచ్చుకోండి," అంది అమ్మ. ఆ తర్వాత ఆయన నర్సరీ మాట మళ్ళీ ఎత్తలేదు.

పచ్చగా మిగిలినవి మూడే పిలకలు. అంతకుముందు రెండింటిని తవ్వి పెరటి ఇంకో మూల నాటితే అవీ అలాగే వాడిపోయాయి. దుంపతోపాటు తెగులూ వెళ్తుంది. నేను చదివినదాని ప్రకారం ఒక దారి ఉంది. పిలక లోపల, పొరలన్నీ ఒలిచేశాక, మొవ్వలో చిటికెన వేలి గోరంత భాగానికి చాలాసార్లు తెగులు చేరదు. దాన్ని సూక్ష్మక్రిములు లేకుండా సీసాలో పెట్టి, ఆహారమిచ్చి పెంచితే శుభ్రమైన మొక్కలొస్తాయి. టిష్యూ కల్చర్ అంటే అదే. ఇంట్లో చేసుకునే కిట్ ఒకటి ఉందని తెలిసి తెప్పించాను. పొట్లం చూసి అమ్మ చుడీదార్ గుడ్డ అనుకుంది. నేను చదివేవీ రాసుకునేవీ ఇంట్లో చెప్పే అలవాటు లేనిదాన్ని. ఈసారి మాత్రం చెప్పక తప్పలేదు, ఎందుకంటే పిలకలు అమ్మవి.

కిట్‌లో పొడులు, చిన్న కత్తి, పట్టకారు, మూతలున్న సీసాలు, ఒక చిన్న పుస్తకం వచ్చాయి. పొడుల్ని చక్కెరతో కలిపి నీళ్ళలో కాస్తే జున్నులా గడ్డకడుతుంది. అదే మొక్కకు తిండి, పుస్తకంలో దాని పేరు మీడియా. సీసాల్లో పోసి ప్రెషర్ కుక్కర్లో ఇరవై నిమిషాలు ఉడికించాలని రాసి ఉంది.

మా ఇంట్లో కుక్కర్‌ను నిమిషాల్లో ఎవరూ లెక్కపెట్టరు. "ఇరవై నిమిషాలంటే ఎన్ని విజిల్సమ్మా?" అని అడిగాను.

అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పప్పుకు మూడు, శనగలకు ఆరు, ముదురు మాంసానికైనా ఎనిమిదే గదా. దీనికి పది పెట్టు. రాళ్ళైనా ఉడుకుతాయి."

పది పెట్టాను. కోసేటప్పుడు గాలిలోని క్రిములు పడకుండా పెద్ద ప్లాస్టిక్ డబ్బాను బోర్లించి, చేతులు దూర్చడానికి రెండు రంధ్రాలు చేసి, లోపలంతా స్పిరిట్‌తో తుడిచాను. మొదటి పిలక మొవ్వను రెండుగా కోసి రెండు సీసాల్లో పెట్టాను. నాలుగో రోజుకు రెండింటిలోనూ మీగడలాంటి తెల్లటి మసక. వారానికి ముక్కలు కుళ్ళాయి.

"ఆస్పత్రి పెట్టినాదే నీ కూతురు. తొలి రోగి పోయినాడు," అన్నాడు నాన్న వంటింట్లో అమ్మతో. నేను వింటున్నానని ఆయనకు తెలియదు.

నా చేతులు శుభ్రంగా లేవనుకున్నాను. డైరీలో ఆ రోజు ఏమేం ముట్టుకున్నానో వరసగా రాశాను, ముక్కు గోక్కున్నానేమో అనే అనుమానంతో సహా. మళ్ళీ ప్రయత్నిద్దామని మొదటివాటితోపాటే మీడియా పోసి ఉడికించి అలమరలో ఉంచిన మిగతా రెండు సీసాలు తీశాను. వాటిలో మొక్క పెట్టలేదు. మూతైనా తీయలేదు. వాటిలోనూ అదే తెల్లటి మసక.

తప్పు నా చేతులది కాదు, ఉడకడంలోనే ఉంది.

కిట్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేయాలి. కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడటం నాకు చేతకాదు. అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని, మిద్దె మీదికి వెళ్ళి, రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. మూడోసారి ఎవరో ఆవిడ ఎత్తింది. కాగితం చూస్తూ గబగబా చదివేశాను.

"ఒక్క నిమిషం అమ్మా. పది విజిల్స్ అన్నవా?"

"అవునండీ."

"పప్పు వండినవా, మీడియా చేసినవా?" ఆవిడ నవ్వింది, కానీ ఎగతాళిగా కాదు. "విజిల్ అసలు రావద్దు. వచ్చిన ప్రతిసారీ ప్రెషర్ పోతది గదా. ముందు వెయిట్ పెట్టకుండ గాలంతా పోనీ. ఆవిరి ధారగ వచ్చినంక వెయిట్ పెట్టు. విజిల్ వస్తది అనంగ మంట తగ్గించు. అప్పటికెళ్ళి ఇరవై నిమిషాలు, గడియారం చూసి."

కిందికి వచ్చి చెబితే అమ్మ ముఖం ముడుచుకుంది. "ముప్పై ఏండ్లుగా విజిల్ లేకుండా వండినానా నేను?" అని గొణిగింది. అయినా స్టవ్ దగ్గర నాతోపాటు నిలబడింది. కుక్కర్ బుసకొట్టినప్పుడల్లా ఆమె చేయే ముందు మంట తిప్పే మర మీదికి వెళ్ళింది. ఈసారి ఉడికించిన సీసాలను మొక్క పెట్టకుండా వారం రోజులు ఊరికే ఉంచాను. అన్నీ తేటగానే ఉన్నాయి. అప్పుడు రెండో పిలక తవ్వాం.

రెండోదానికి మసక రాలేదు. కానీ మర్నాటికే ముక్క నల్లబడింది. నలుపు చుట్టూ ఉన్న జున్నులోకి సిరాలా దిగింది. పది రోజులు చూశాను. పచ్చదనం రాలేదు.

అమ్మ సీసాను వెలుతురుకేసి పట్టి చూసి, "కోసినాక దేంట్లో వేసినావు?" అంది.

"దేంట్లోనూ వేయలేదు."

"అరటిపువ్వు వలిస్తే మజ్జిగలో వేస్తాం గదా. వెయ్యకపోతే ఏమవుతాది?"

"నల్లబడతాది."

"మరి ఇది అరటి కాదా?"

మజ్జిగ వేస్తే అందులోని క్రిములన్నీ సీసాలోకే చేరతాయి. పులుపు కావాలి, పెరుగు కాకూడదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళను కూడా సీసాలతోపాటు కుక్కర్లో ఉడికించవచ్చని రాసుకున్నాను. ఇంకొకటీ రాసుకున్నాను. భయంతో ఒక్కో పొరా ఒలిచేసరికి నాకు అరగంట పట్టింది. అంతసేపు గాలి తగిలితే నల్లబడక ఏం చేస్తుంది? కూరకు బోదె లోపలి దవ్వ తీసేటప్పుడు అమ్మ అదే పని రెండు నిమిషాల్లో చేస్తుంది.

ఇక ఒక్క పిలకే మిగిలింది. తల్లిచెట్లన్నీ కూలిపోయాయి, కొత్తవి పుట్టే ఆశ లేదు.

"అదన్నా భూమిలో ఉండనీండి," అన్నాడు నాన్న. ఈసారి హాస్యం లేదు. "బతికితే బతుకుతాది. చేతులారా చంపడమెందుకు?"

ఆయనకు ఎదురు చెప్పిన జ్ఞాపకం నాకు లేదు. "అక్కడుంటే కచ్చితంగా చస్తాది నాన్నా," అన్నాను. "సీసాలో చావొచ్చు, బతకనూవచ్చు. రెండుసార్లు ఎందుకు పోయిందో నాకు తెలుసు. మూడోసారి ఆ రెండు తప్పులూ చెయ్యను."

ఇద్దరం అమ్మ వైపు చూశాం. ఆమె వెళ్ళి గునపం తెచ్చుకుంది.

కోసేది నువ్వేనని నేను చెబితే అమ్మ ఒప్పుకుంది, కానీ గాజులు తియ్యనంది. "ఆయన ఎదురుగుండగా ఒట్టి చేతులా?" అని కసిరింది. గాజులను స్పిరిట్‌తో తుడిచి, మోచేతి దాకా ఎగదోసి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి టేపు చుట్టాను. డబ్బాలో ఆమె చేతులు పొరలు ఒలుస్తుంటే నేను బయట నుంచి "ఇంకొకటి, ఇంకొకటి, చాలు" అంటున్నాను. ముక్కను క్రిములు చంపే మందులో ముంచి, నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి, చివరి కోత కోసి, రెండు భాగాలూ సీసాల్లో పెట్టి మూత బిగించడానికి ఆరు నిమిషాలు పట్టింది.

"ఊపిరి పీల్చొచ్చా?" అంది అమ్మ.

ఒక సగం రెండో వారంలో గోధుమరంగైపోయింది. రెండో సగం అలాగే ఉంది, పెరగకుండా, చావకుండా. మూడో వారంలో ఒక అంచున పచ్చగా ఉబ్బింది. అమ్మను పిలిచాను. ఆమె చూసి, తాకబోయి, సీసా అని గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకుంది.

తర్వాతి పని ఎక్కువ భయపెట్టింది. మొలక వేలెడు పెరిగాక దాన్ని నిలువునా మధ్యకు చీల్చాలి. అలా చీలిస్తేనే పక్కల నుంచి మరిన్ని పుడతాయి. బతికిన ఒక్కదాన్నీ మళ్ళీ కోయడం. ఒక సాయంత్రమంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఒకటి ఎప్పటికీ ఒకటిగానే ఉంటే, ఒక్క తప్పుతో పోతుంది. ఈసారి అమ్మను పిలవలేదు. చేతులు డబ్బాలో పెట్టి నేనే చీల్చాను.

చీల్చిన రెండూ బతికాయి. నెలలు గడిచేసరికి వాటి నుంచి పుట్టినవాటిలో ఏడు మొక్కలకు వేళ్ళు వచ్చాయి. సీసా నుంచి తీసి కప్పుల్లో పెట్టి, పైన కవరు కప్పి మెల్లగా గాలికి అలవాటు చేసేటప్పుడు రెండు పోయాయి. ఐదు మిగిలాయి. కొడవలూరులో తన స్నేహితుడి చేలో అరటి ఎన్నడూ వేయలేదని కనుక్కుని, నాన్న అక్కడి నుంచి రెండు బస్తాల మట్టి బండి మీద తెచ్చాడు.

"ఐదూ వాడి చేని గట్టు మీదే నాటేద్దాం. మంచి చోటు," అన్నాడు.

"రెండే నాన్నా," అన్నాను. "మూడు మిద్దె మీద తొట్లలో ఉంటాయి. వీటికీ ఆ తెగులు రాదని ఎవరూ చెప్పలేదు."

"ఒక సీసా కూడా ఉంచుకో," అంది అమ్మ.

ఉంచుకున్నాను. నెలకోసారి అందులోని మొలకను తీసి, కోసి, కొత్త సీసాల్లోకి మారుస్తాను.